విద్యార్థి రాసిన సమీకరణం, మన సమీకరణం ఒకటేనా? కంప్యూటర్‌తో సరిచూడటంపై తరచుగా అడిగే ప్రశ్నలు

గణితం చెప్పే లెక్చరర్లు, ఆన్‌లైన్ పరీక్షలు తయారుచేసేవాళ్లు, పైథాన్ నేర్చుకుంటున్న బీటెక్ విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలివి. ఉదాహరణలు చాలావరకు ఇంటర్ మొదటి సంవత్సరం సరళరేఖ పాఠం నుంచి తీసుకున్నాను. ఒకే జవాబును పిల్లలు రకరకాలుగా రాసే పాఠం అది. చరరాశులను నోటితో చదివినట్టే ఎక్స్, వై అని రాశాను.

జవాబు ఒకటే ఉన్నప్పుడు సరిచూడటంలో ఇబ్బంది ఏముంది?

జవాబు ఒకటే, రాసే తీరులే చాలా. ఎక్స్-అంతరఖండం 3, వై-అంతరఖండం 2 అయిన సరళరేఖ సమీకరణం అడిగామనుకోండి. ఒకరు ఎక్స్/3 + వై/2 = 1 అంటారు. ఇంకొకరు 2ఎక్స్ + 3వై = 6 అంటారు. మరొకరు అన్నీ ఎడమవైపుకు తెచ్చి 2ఎక్స్ + 3వై − 6 = 0 అంటారు. వాలు కట్టి చేసినవాళ్లు వై = 2 − 2ఎక్స్/3 రాస్తారు. 6 − 3వై = 2ఎక్స్ దగ్గర ఆపేసేవాళ్లూ ఉంటారు. అన్నీ కరెక్టే.

పేపరు దిద్దే మాస్టారికి ఇది చూడగానే తెలుస్తుంది. అక్షరానికి అక్షరం పోల్చే ప్రోగ్రాం మాత్రం అయిదింట్లో నాలుగు తప్పు అంటుంది. ఇక్కడ పోయేది ఒక మార్కే అనుకోకూడదు. సరిగ్గా చేసిన అమ్మాయి స్క్రీన్ మీద ఎర్ర గుర్తు చూసి, తను చేసిన సరైన పద్ధతినే అనుమానించి మార్చుకుంటుంది. ఆ నష్టం తర్వాత పూడ్చడం చాలా కష్టం. ఈ పని జాగ్రత్తగా చేయాలనేది అందుకే.

కంప్యూటర్ ఆల్జీబ్రా సాఫ్ట్‌వేర్ మామూలు కాలిక్యులేటర్ కంటే ఏం ఎక్కువ చేస్తుంది?

అక్షరాలను అక్షరాలుగానే ఉంచి లెక్క చేస్తుంది. 1/3ని 0.3333 చేయదు, √2ని √2గానే ఉంచుతుంది. విస్తరించడం, కారణాంకాలుగా విడగొట్టడం, సమీకరణాలు సాధించడం అన్నీ గుర్తులతోనే.

ఉచితంగా దొరికేవాటిలో మూడు చెప్పుకోదగ్గవి. మాక్సిమా అన్నిటికంటే పాతది. అమెరికాలోని ఎంఐటీలో 1968లో మొదలైన మాక్సిమా పూర్వరూపం పేరు మాక్సీమా (Macsyma), అక్కడి మాక్ అనే కంప్యూటర్ ప్రాజెక్టు పేరు మీద వచ్చింది. సింపై పైథాన్ లైబ్రరీ కాబట్టి బీటెక్ పిల్లలకు సులువు. గ్రాఫులు గీసే జియోజీబ్రా వాడేవాళ్లకు దాని లోపల జియాక్ అనే ఇంజిన్ ఉంది, విడిగా ఏమీ వేసుకోనక్కర్లేదు.

రెండు సమాసాలు సమానమని సాఫ్ట్‌వేర్ ఎలా తేలుస్తుంది?

ఒకదాంట్లోంచి ఇంకొకటి తీసేసి, మిగిలినదాన్ని సూక్ష్మీకరిస్తుంది. సున్నా వస్తే సమానం. (ఎక్స్ + 1)² లోంచి ఎక్స్² + 2ఎక్స్ + 1 తీసేస్తే ఏమీ మిగలదు. బహుపదులైతే విస్తరించి సజాతి పదాలు కలిపితే చాలు, అనుమానానికి తావే ఉండదు.

సమీకరణాలకూ అదే పద్ధతి సరిపోదా?

సరిపోదు. ఈ పేజీలో ఒక్క జవాబు చదివే తీరికే ఉంటే ఇది చదవండి.

సమాసానికి ఒక విలువ ఉంటుంది. సమీకరణం ఒక షరతు. ఏ ఎక్స్, వైల దగ్గర ఆ షరతు నిజమవుతుందో అదే దాని అర్థం. వై = 2 − 2ఎక్స్/3, 2ఎక్స్ + 3వై = 6 అనే రెండింటినీ చూడండి. ఎడమవైపులు సమానం కావు, కుడివైపులూ సమానం కావు. అయినా గీత ఒక్కటే.

కాబట్టి ముందు రెండింటినీ ‘ఏదో = 0’ రూపంలోకి తేవాలి. మొదటిది వై − 2 + 2ఎక్స్/3 అవుతుంది, రెండోది 2ఎక్స్ + 3వై − 6 అవుతుంది. ఇప్పుడు రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే 3 వస్తుంది. ఎక్స్ గానీ వై గానీ మిగలకుండా సున్నా కాని స్థిరసంఖ్య వచ్చింది కాబట్టి రెండూ తుల్యం. తేడా తీసి సున్నా వస్తుందా అని చూసే ప్రోగ్రాం ఇక్కడే దెబ్బతింటుంది: ఈ రెండింటి తేడా సున్నా కాదు, అందుకని తప్పు అనేస్తుంది.

సరళరేఖలకు, వృత్తాలకు, బహుపది సమీకరణాలకు రోజువారీ పనిలో ఈ నిష్పత్తి పద్ధతి చక్కగా సరిపోతుంది. పిల్లవాడు 0 = 0 అని రాస్తే ఏమవుతుందో కూడా ముందే చూసుకోవాలి. అప్పుడు భాగించడానికే వీలుండదు, ప్రోగ్రాం ఎర్రర్ ఇచ్చి ఆగిపోవచ్చు.

సింపైలో రెండు సమానం గుర్తులు పెట్టి పోల్చితే చాలదా?

చాలదు. సింపైలో ఆ పోలిక రూపాన్ని మాత్రమే చూస్తుంది. (ఎక్స్ + 1)², ఎక్స్² + 2ఎక్స్ + 1 సమానమా అని అలా అడిగితే ‘ఫాల్స్’ అంటుంది. తేడాను ‘సింప్లిఫై’కి ఇవ్వాలి, లేదా ‘ఈక్వల్స్’ అనే మెథడ్ వాడాలి. ఈ మెథడ్ ‘ట్రూ’, ‘ఫాల్స్’తో పాటు మూడో జవాబు కూడా ఇస్తుంది: ‘నన్’. అంటే తేల్చలేకపోయానని అర్థం. దాన్ని ‘ఫాల్స్’తో కలిపేసి మార్కు కోసే ప్రోగ్రాంలు ఉన్నాయి. మీ కోడ్‌లో ఈ మూడూ విడివిడిగా ఉండాలి.

సమీకరణం కోసం సింపైలో ‘ఈక్యూ’ ఉంది. ఇక్కడో చిన్న మెలిక. రెండు వైపులా అచ్చంగా ఒకటే ఉంటే, ఉదాహరణకు ఎక్స్ = ఎక్స్ అని టైప్ చేస్తే, అది సమీకరణంగా మిగలదు, వెంటనే ‘ట్రూ’గా మారిపోతుంది. ఆ తర్వాత దాని ఎడమవైపు ఏమిటని అడిగే లైన్ దగ్గర ప్రోగ్రాం కూలిపోతుంది. పరీక్ష మధ్యలో ఇలా జరిగితే పిల్లలకు ఎంత టెన్షనో చెప్పనక్కర్లేదు.

నిష్పత్తి పద్ధతి ఎక్కడ పనిచేయదు?

మీకు ఏ రకం సమానత్వం కావాలో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. అది టీచర్ నిర్ణయించాల్సిన విషయం. నాలుగు సందర్భాలు చూడండి.

(ఎక్స్ − 1)² = 0, ఎక్స్ − 1 = 0. సాధన సమితి రెండింటికీ ఒకటే, ఎక్స్ = 1. నిష్పత్తి మాత్రం ఎక్స్ − 1 వస్తుంది, స్థిరసంఖ్య రాదు. మూలం ఎన్నిసార్లు వచ్చిందో కూడా మీకు ముఖ్యమైతే ఇవి వేరు, సాధన మాత్రమే ముఖ్యమైతే ఒకటే.

ఎక్స్² = 2ఎక్స్, ఎక్స్ = 2. పిల్లలు రెండు వైపులా ఎక్స్‌ను కొట్టేసే చోటు ఇది. సున్నా అనే మూలం పోయింది, కాబట్టి ఇవి తుల్యం కావు. నిష్పత్తిలో ఎక్స్ మిగిలి ప్రోగ్రాం తప్పును పట్టుకుంటుంది.

ఎక్స్³ = 1, ఎక్స్ = 1. వాస్తవ సంఖ్యల్లో రెండింటికీ ఒకే సాధన. సంకీర్ణ సంఖ్యలు చెప్పాక మొదటిదానికి మూడు మూలాలు. అదే జత పదో తరగతిలో తుల్యం, ఇంటర్ రెండో సంవత్సరంలో కాదు! ప్రోగ్రాంకు ఏ తరగతి పిల్లలో చెప్పకపోతే అది ఎలా ఊహిస్తుంది?

ఇక నాలుగోది బిందుపథం లెక్క. (2, 0), (0, 2) బిందువుల నుంచి సమాన దూరంలో ఉండే బిందువు పథం అడిగాం. జవాబు ఎక్స్ = వై. ఒక విద్యార్థి √((ఎక్స్ − 2)² + వై²) = √(ఎక్స్² + (వై − 2)²) అని రాసి ఆపేశాడు. ఇది ఆ పథాన్నే వర్ణిస్తుంది, సాధన సమితిలో ఏ తేడా లేదు. నిష్పత్తి స్థిరసంఖ్య కాదు కాబట్టి ప్రోగ్రాం తప్పు అంటుంది. ఇలాంటి చోట వేరే దారి పట్టాలి: మన గీత మీద బిందువులు తీసుకోవాలి, ఇక్కడైతే ఎక్స్, వై రెండూ ఒకే సంఖ్య. వాటిని విద్యార్థి సమీకరణంలో పెడితే ప్రతిసారీ నిజం కావాలి. గీత బయటి బిందువులు పెడితే నిజం కాకూడదు. సూక్ష్మీకరించలేదని మార్కు తగ్గించాలా వద్దా అనేది వేరే విషయం, అది ప్రశ్నలోనే ముందుగా రాసి ఉండాలి.

సాఫ్ట్‌వేర్ తానే తప్పు చేసే అవకాశం ఉందా?

ఉంది. మనం పిల్లల్ని ఏ తప్పు చేయొద్దంటామో సరిగ్గా అదే చేస్తుంది.

(ఎక్స్² − 1)/(ఎక్స్ − 1) = 2 తీసుకోండి. ఎక్స్ = 1 దగ్గర హారం సున్నా. కొట్టివేస్తే ఎక్స్ + 1 = 2, అంటే ఎక్స్ = 1 వస్తుంది, కానీ ఆ విలువ అసలు సమీకరణంలో పెట్టడానికే లేదు. కాబట్టి సాధన లేదు. ‘సింప్లిఫై’ చేసి పోల్చే ప్రోగ్రాం మాత్రం దీన్ని ఎక్స్ = 1కి తుల్యం అంటుంది, ఎందుకంటే సూక్ష్మీకరణలో హారం మాయమైపోతుంది. జాగ్రత్తగా ఆలోచించి సాధన లేదని రాసిన విద్యార్థికి అప్పుడు సున్నా పడుతుంది.

వర్గమూలాల దగ్గరా ఇంతే. √(ఎక్స్²)ని మాక్సిమా ఎక్స్ పరమమూల్యంగా మారుస్తుంది. సింపై, ఎక్స్ గురించి ఏమీ చెప్పకపోతే, దాన్ని సంకీర్ణ సంఖ్య కావచ్చనుకుని √(ఎక్స్²)గానే వదిలేస్తుంది. వాస్తవ సంఖ్య అని చెబితే పరమమూల్యం ఇస్తుంది, ధనాత్మకం అని చెబితే ఎక్స్ అంటుంది. అందుకే చరరాశిని ప్రకటించేటప్పుడే అది వాస్తవమా, ధనాత్మకమా అన్నది చెప్పాలి. సంవర్గమానాల లెక్కల్లో ఇది మరీ అవసరం: 2 లాగ్ ఎక్స్, లాగ్ ఎక్స్² ధనాత్మక ఎక్స్‌కు మాత్రమే ఒకటి.

సంఖ్యలు ప్రతిక్షేపించి చూస్తే సరిపోదా? ఇంత ఆల్జీబ్రా ఎందుకు?

చాలా సందర్భాల్లో సరిపోతుంది. అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో 1990లలో మొదలైన వెబ్‌వర్క్, ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయంవారి నంబాస్ అనే ఆన్‌లైన్ పరీక్షల సాఫ్ట్‌వేర్‌లు సమాసాలను ముఖ్యంగా ఇలాగే సరిచూస్తాయి. యాదృచ్ఛికంగా కొన్ని విలువలు తీసుకుని, రెండు జవాబుల్లోనూ పెట్టి, ఫలితాలు కలుస్తున్నాయా అని చూస్తాయి.

దీని వెనక గట్టి గణితమే ఉంది. బహుపది పరిమాణం 5 అయితే దానికి అయిదు కంటే ఎక్కువ మూలాలు ఉండవు. 1 నుంచి 1000 వరకు ఉన్న పూర్ణాంకాల్లోంచి ఒకదాన్ని లాటరీలా తీస్తే, సమానం కాని జవాబు సమానంగా కనబడే అవకాశం వెయ్యిలో అయిదుకు మించదు. విడివిడిగా మూడుసార్లు తీస్తే 80 లక్షల్లో ఒకటికి మించదు. ఎన్ని చరరాశులున్నా ఇదే లెక్క వర్తిస్తుందని 1970ల చివర్లో ష్వార్ట్జ్, జిప్పెల్ తదితరులు చూపించారు.

సమీకరణాలకు మాత్రం విలువను కాకుండా నిష్పత్తిని చూడాలి. మన 2ఎక్స్ + 3వై − 6, విద్యార్థి ఎక్స్/3 + వై/2 − 1 తీసుకుందాం. (2, 5) దగ్గర విలువలు 13, 13/6. నిష్పత్తి 6. (0, 4) దగ్గర 6, 1. నిష్పత్తి మళ్లీ 6. బాగుంది.

ఇప్పుడు అంతరఖండాలు తారుమారు చేసిన విద్యార్థిని చూడండి: ఎక్స్/2 + వై/3 = 1. ఈ తప్పు ప్రతి క్లాసులోనూ కనబడుతుంది. (1, 1) దగ్గర మనది −1, తనది −1/6. నిష్పత్తి 6! సరైన జవాబుకు వచ్చిన 6 తప్పు జవాబుకూ వచ్చింది. (2, 5) దగ్గర 13ని 5/3తో భాగిస్తే 39/5 వచ్చి తప్పు బయటపడుతుంది. (1, 1), (0, 0), (2, 2) లాంటి చేతికి అందే బిందువులు పెట్టి పరీక్షించొద్దని చెప్పేది ఇందుకే. దశాంశాలు కూడా వద్దు, భిన్నాలే వాడండి. దశాంశాల్లో చివరి అంకె దగ్గర వచ్చే తేడాతో సరైన జవాబు కూడా తప్పుగా కనబడొచ్చు.

సాఫ్ట్‌వేర్ ఎప్పటికీ తేల్చలేని జతలు ఉంటాయా?

ఉంటాయి, అది నిరూపితమైన విషయం. 1968లో డేనియల్ రిచర్డ్‌సన్ ఒక సిద్ధాంతం ప్రచురించారు. సైన్, ఘాతీయ ప్రమేయం, పరమమూల్యం, పై లాంటివి కలిపి కట్టే సమాసాల్లో, ఇచ్చిన ఏ సమాసమైనా సున్నాకు సమానమో కాదో ప్రతిసారీ తేల్చే పద్ధతి ఉండటానికే వీల్లేదని దాని సారాంశం. ఇది ఏదో ఒక సాఫ్ట్‌వేర్‌లోని లోపం కాదు.

మన పిల్లల లెక్కలకు ఇది అడ్డు కాదు. బహుపదులు, బహుపదుల భిన్నాలు పూర్తిగా తేల్చగలిగేవే. త్రికోణమితి సర్వసమీకరణాల్లో మామూలుగా వచ్చేవీ తేలతాయి. తేలనిది ఎదురైతే ఆ జవాబును మనిషి చూసేలా పక్కన పెట్టాలి.

ప్రశ్ననే తిరిగి టైప్ చేసిన విద్యార్థికి ఫుల్ మార్కులు పడ్డాయి. ఎలా ఆపాలి?

ఎక్స్ + వై + 1 = 0 ను అభిలంబ రూపంలోకి మార్చమన్నాం. విద్యార్థి ఎక్స్ + వై + 1 = 0 అనే రాశాడు. తుల్యమే కదా! నిష్పత్తి 1. కారణాంకాల ప్రశ్నలోనూ ఇంతే: ఎక్స్² − 5ఎక్స్ + 6ను అలాగే దించేస్తే తుల్యతా పరీక్ష పాస్ చేసేస్తుంది.

రూపం అడిగిన ప్రశ్నలో రెండు పరీక్షలు పెట్టాలి, ఒకటి తుల్యతకు, ఒకటి రూపానికి. అభిలంబ రూపానికైతే ఎక్స్, వై గుణకాల వర్గాల మొత్తం 1 కావాలి, కుడివైపు రుణాత్మకం కాని స్థిరసంఖ్య ఉండాలి. ఇక్కడ రెండు గుణకాలూ −1/√2, కుడివైపు 1/√2, అంటే కోణం 5π/4. గుణకాలను ధనాత్మకంగా ఉంచి కుడివైపు −1/√2 రాసిన పిల్లలకు తుల్యత మార్కు ఇచ్చి, రూపం మార్కు తగ్గించి, కారణం తెరమీద చూపించొచ్చు. ‘గీత సరైనదే, కానీ కుడివైపు రుణాత్మకం ఉండకూడదు’ అన్న ఒక్క వాక్యం సగం పాఠం చెబుతుంది.

మాక్సిమాను లోపల పెట్టుకుని పనిచేసే ఆన్‌లైన్ పరీక్షల సాఫ్ట్‌వేర్ అయిన స్టాక్‌లో ఇలాంటి రూప పరీక్షలు సిద్ధంగా ఉన్నాయి: కారణాంకాల రూపానికి ఒకటి, పాక్షిక భిన్నాలకు ఒకటి, వర్గం పూర్తిచేయడానికి ఒకటి. పదాల క్రమం మారినా ఒప్పుకుంటూ, ఎక్స్ + ఎక్స్‌ను 2ఎక్స్‌గా ఒప్పుకోనిది కూడా ఉంది.

పిల్లలు టైప్ చేసేదే తప్పుల తడకగా ఉంటే?

నిజానికి ఎక్కువ తలనొప్పి ఇక్కడే. 2ఎక్స్‌లో గుణకారం గుర్తు పెట్టరు. ఎక్స్, వై పక్కపక్కన రాస్తే ప్రోగ్రాం రెండక్షరాల కొత్త చరరాశి అనుకుంటుంది. 1/2ఎక్స్ అంటే సగం ఎక్స్ అని ఒకరి ఉద్దేశం, 2ఎక్స్ హారంలో ఉందని ఇంకొకరిది. వర్డ్‌లోంచి కాపీ చేస్తే మైనస్ బదులు పొడవాటి గీత వస్తుంది. పైథాన్‌లోనైతే ఘాతానికి పిల్లలు వాడే టోపీ గుర్తుకు వేరే అర్థం ఉంది. వీటిలో చాలావాటిని సరిదిద్దే సెట్టింగులు సింపైలో ఉన్నాయి, కానీ చాలావరకు అడిగితేనే పనిచేస్తాయి.

స్టాక్‌లో నాకు బాగా నచ్చేది ఇదే: మార్కు వేసే ముందు, తాను ఏమని అర్థం చేసుకుందో విద్యార్థికి అందమైన గణిత రూపంలో చూపిస్తుంది. టైపింగ్ తప్పుంటే అక్కడే చెబుతుంది, మార్కు పోదు. మీరు సొంతంగా ప్రోగ్రాం రాసుకున్నా ఈ మెట్టు వదిలేయొద్దు.

విద్యార్థి టైప్ చేసింది నేరుగా సింపైకి ఇవ్వొచ్చా?

ఇవ్వొద్దు. టెక్స్ట్‌ను గణితంగా మార్చే ‘సింపిఫై’ లోపల పైథాన్ ‘ఇవాల్’ వాడుతుంది. అంటే టైప్ చేసిన పాఠ్యం మీ సర్వర్ మీద ప్రోగ్రాంలా నడుస్తుంది. సింపైవాళ్లే తమ డాక్యుమెంటేషన్‌లో హెచ్చరించారు. అంకెలు, అనుమతించిన అక్షరాలు, గుర్తులు తప్ప మరేదీ లోపలికి రాకుండా ముందే వడపోయాలి.

రెండు సమీకరణాలు కలిసి జవాబైతే?

ఒక్కొక్కటి విడిగా పోల్చకూడదు. ఎక్స్ + వై = 5, ఎక్స్ − వై = 1 అనే జత, 2ఎక్స్ = 6, ఎక్స్ + వై = 5 అనే జత ఒకటే, రెండింటికీ సాధన (3, 2). రేఖీయ సమీకరణాలైతే మాత్రికగా రాసి గాస్-జోర్డాన్ పద్ధతిలో కుదించి పోల్చాలి. ఉన్నత పరిమాణం బహుపదులైతే గ్రోబ్నర్ బేసిస్ (బహుపదుల గుంపును పోల్చడానికి వీలైన ప్రామాణిక రూపంలోకి తెచ్చే పద్ధతి) వాడతారు. సింపై, మాక్సిమా రెండింటిలోనూ అది ఉంది.

మధ్య మెట్లను కూడా సరిచూడగలమా?

చూడగలం. ప్రతి లైన్ దాని పైలైన్‌కు తుల్యమా అని వరసగా పరీక్షించడమే. స్టాక్‌లో దీనికి ప్రత్యేక ఏర్పాటు ఉంది. √(ఎక్స్ + 2) = ఎక్స్ అన్న లైన్ కింద ఎక్స్² − ఎక్స్ − 2 = 0 రాస్తే వర్గం చేసిన చోట తుల్యత తెగుతుంది. కొత్తగా వచ్చిన −1 మొదటి సమీకరణంలో పెడితే ఎడమవైపు 1, కుడివైపు −1. అంటే 2 మాత్రమే మూలం. ఏ లైన్ దగ్గర తెగిందో పిల్లలకు కనబడటం చివరి జవాబు తప్పు అని చెప్పడం కంటే ఎంతో మేలు.

సమాకలనం జవాబులకు కూడా ఇదే పద్ధతా?

కాదు. సైన్ ఎక్స్ కాస్ ఎక్స్ సమాకలనం సైన్²ఎక్స్/2 అని ఒకరు, −కాస్ 2ఎక్స్/4 అని ఇంకొకరు రాస్తే రెండూ సరైనవే, తేడా స్థిరసంఖ్య. జవాబును అవకలనం చేసి ప్రశ్నతో పోల్చండి.

ఏఐ చాట్‌బాట్‌ను అడిగితే పని అయిపోదా?

విద్యార్థికి వివరణ రాయించుకోవడానికి వాడుకోండి. మార్కు నిర్ణయం మాత్రం కంప్యూటర్ ఆల్జీబ్రాకే వదలండి. ఒకే జవాబుకు ప్రతిసారీ ఒకే తీర్పు రావడం పరీక్షలో తప్పనిసరి.

స్టాక్ మన కాలేజీలో వాడాలంటే ఏం కావాలి?

మూడిల్ (ఆన్‌లైన్ పాఠాలు, పరీక్షలు నడిపే సాఫ్ట్‌వేర్) ఉన్న సర్వర్, దాని మీద మాక్సిమా, స్టాక్ ప్లగిన్. అన్నీ ఉచితం. 2004లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో క్రిస్ సాంగ్విన్ మొదలుపెట్టిన ఈ పని ఇప్పుడు ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం నుంచి సాగుతోంది. ప్రశ్న తెలుగులోనే రాయొచ్చు. ప్రతి విద్యార్థికీ వేరే అంకెలు వచ్చేలా చేయొచ్చు. సర్వర్ సెట్ చేయడానికి తెలిసినవాళ్లు ఒకరు ఉండాలి, అదొక్కటే ఇబ్బంది. ఇద్దరు ముగ్గురు లెక్చరర్లు కలిసి మొదలుపెడితే నయం, ఎందుకంటే ఒక మంచి ప్రశ్న తయారవడానికి టైమ్ పడుతుంది.

పిల్లలకు ఇచ్చే ముందు చివరగా ఏం చూసుకోవాలి?

పాత జవాబు పత్రాలు ముందు పెట్టుకోండి. పిల్లలు నిజంగా రాసిన సరైన రూపాలు ఎన్ని దొరికితే అన్ని, తరచుగా చేసే తప్పులు మరికొన్ని టైప్ చేసి, ఒక్కోదానికి ఎన్ని మార్కులు రావాలో ముందే రాసుకుని పరీక్షించండి. స్టాక్‌లో ఈ పరీక్షలను ప్రశ్నతో పాటే దాచుకునే వీలుంది. తారుమారైన అంతరఖండాలు, తప్పు గుర్తున్న వాలు, ఖాళీ జవాబు, 0 = 0, ప్రశ్ననే దించడం ఆ జాబితాలో తప్పకుండా ఉండాలి. ఇంత చేసినా పరీక్ష అయ్యాక ఎవరో ఒకరు మనం అనుకోని సరైన రూపం రాసి ఉంటారు. మూడిల్‌లో ప్రశ్నను సరిదిద్ది అందరి జవాబులనూ మళ్లీ గ్రేడ్ చేయించొచ్చు. ఆ విద్యార్థి రాసిన రూపాన్ని కూడా పరీక్షల జాబితాలో చేర్చి, మార్కు మారిందని తనకు కబురు చేయండి.